పాత డైవర్ వాచీకి పాలిష్ పెట్టించే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా ఇళ్ల బీరువాల్లో ఒక బరువైన స్టీలు వాచీ మూలకు పడి ఉంటుంది. డెబ్బైలు, ఎనభైలలో గల్ఫ్‌కు పోయినవాళ్లు తెచ్చినది. నల్ల డయలు, చుట్టూ అంకెలతో తిరిగే రింగు, నాలుగు గంటల దగ్గర చావి గుండీ. ఇంట్లో అందరూ దాన్ని దుబాయి వాచీ అనే అంటారు. అది సముద్రం అడుగుకు దిగే డైవర్ల కోసం జపాన్‌వాళ్లు చేసిన వాచీ. ఈ వాచీలకు ఇప్పుడు దేశంలోనూ, బయటా గిరాకీ బాగా ఉంది. ఆ సంగతి తెలిసిన కొనుగోలుదారులు ఊళ్లు తిరుగుతున్నారు కాబట్టి అమ్మేవాళ్లు బేరంలో మోసపోతామేమోనని భయపడుతుంటారు. అసలు నష్టం బేరానికి ముందే, ‘ఒకసారి శుభ్రం చేయించి ఇద్దాం’ అనుకున్న రోజే జరిగిపోతోంది. కేసుకు, అంటే వాచీ బయటి స్టీలు పెట్టెకు, పాలిష్ పెట్టిస్తారు, డయలుకు కొత్త రంగు వేయిస్తారు, అద్దం జిగురుతో అంటిస్తారు. ఈ మూడింటిలో మొదటి రెండూ చేశాక ఏ పనివాడూ పాత వాచీని తిరిగి ఇవ్వలేడు. వాచీల పని చేసేవాడిగా ఇది పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. పేరులో సముద్రం ఉన్నంత మాత్రాన డైవర్ వాచీ అయిపోదు. మన పెద్దవాళ్ల చేతులకు బాగా కనిపించిన ఫేవర్ ల్యూబా సీ కింగ్, సీ చీఫ్ రోజూ చావి ఇచ్చే మామూలు వాచీలు. అదే కంపెనీ 1964లో తెచ్చిన డీప్ బ్లూ, 1968లో తెచ్చిన బాథీ మాత్రం అసలైన డైవర్లు. బాథీలో లోతు చూపే ముల్లు కూడా ఉంటుంది. అవి దొరకడం అరుదు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి జపాన్ కంపెనీ సీకో వాచీలు కాబట్టి వాటి సంగతే చెబుతాను.

వాచీ తిప్పి వెనక మూత చూడండి. నాలుగంకెలు, గీత, మళ్లీ నాలుగంకెలు ఉంటాయి. మొదటి నాలుగూ మిషను నంబరు, తర్వాతివి కేసు నంబరు. 6309-7040 అనో 7049 అనో ఉంటే అది 1976 నుంచి 1988 దాకా చేసిన 150 మీటర్ల డైవర్. గుండ్రాయిలా ఉబ్బిన పెద్ద కేసు, 22 మిల్లీమీటర్ల బెల్టు. 7002 అయితే దాని తర్వాత, 1988 నుంచి 1996 దాకా వచ్చినది. 6105 అయితే వీటన్నిటికంటే పాతది, 1968కీ 1977కీ మధ్యది. దాన్ని ఎవరికీ తొందరపడి ఇవ్వకండి. అదే మూత మీద ఆరంకెల సీరియల్ నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్నా లేదా ఓ, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి అక్షరం వేస్తారు. 6309 మూత మీద 47తో మొదలైతే 1984 జూలై, 1 తర్వాత డి ఉంటే 1981 డిసెంబరు అన్నమాట. ఒక చిక్కు ఉంది. ఈ మోడల్ పన్నెండేళ్లు వచ్చింది కాబట్టి 6, 7, 8తో మొదలైతే 1976–78 కావచ్చు, 1986–88 కావచ్చు. అప్పుడు డయలు, మిషను చూసిన తర్వాతే ఖాయం చేయాలి.

ఇప్పుడు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పట్టుకుని డయలు చూడండి. ఆరు గంటల అంచున, అద్దం ఒరకు ఆనుకుని, చీమ తలకంటే చిన్న అక్షరాల్లో జపాన్ అన్న మాటా, ఒక కోడూ ఉంటాయి. ఆ కోడు 6309తోనే మొదలవ్వాలి. మూత మీద ఒక నంబరు, డయలు మీద ఇంకొకటి ఉంటే ఏదో ఒకటి మారిందనే అర్థం. కంపెనీ అచ్చులో అక్షరం అంచు బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. చేత్తో మళ్లీ వేసిన డయలులో అక్షరాలు లావుగా ఉబ్బి, ‘వాటర్ 150మీ రెసిస్ట్’ అన్న వరుస కొంచెం వంకరపోతుంది, తేదీ కిటికీ అంచు కరుకుగా ఉంటుంది. ఇలా రంగులు మార్చిన హెచ్‌ఎంటీలు, సీకోలు మన దేశం నుంచి అంత పోయాయి కాబట్టే విదేశాల్లో సేకరించేవాళ్లు వాటికి ‘ముంబయి స్పెషల్’ అని పేరు పెట్టి పక్కన పెట్టేస్తారు. మచ్చలు పడి వెలిసిన అసలు డయలుకు మెరిసే కొత్త డయలుకంటే ఎక్కువ విలువ. ఈ మాట చాలామంది నమ్మరు. కానీ మార్కెట్టు తీరు ఇదే.

చీకట్లో మెరిసే చుక్కల్ని చూసేందుకు కిరాణా కొట్లలో దొంగనోట్లు పట్టే నీలం లైటు చాలు. పాత మందు లైటు కింద వెలిగి, లైటు తీయగానే ఆరిపోతుంది. డయలు చుక్కలూ ముళ్లూ ఒకే తీరుగా ఉండాలి. చుక్కలు ఆరిపోయి ముళ్లు మాత్రం నిమిషాల తరబడి వెలుగుతుంటే ముళ్లు మార్చారు. అన్నీ గట్టిగా వెలుగుతుంటే మందు కొత్తగా నింపారు. ఆ మందును గోకడం, తుడవడం ఎప్పుడూ చేయొద్దు. 1960లకు ముందరి స్విస్ వాచీల్లో రేడియం ఉండవచ్చు. దాని రేడియోధార్మికత సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. డయలు కింద ‘టి స్విస్ టి’ అని ఉంటే అది ట్రిటియం, సుమారు 12 ఏళ్లకు సగమవుతుంది, ఇప్పటికి మెరుపు చచ్చిపోయి ఉంటుంది. రేడియం అనుమానం ఉన్న వాచీని ఇంట్లో విప్పొద్దు. ఆ పొడి ఊపిరిలోకి పోతే పెద్ద ప్రమాదం.

కేసు విషయానికొస్తే, 6309 పైభాగంలో అద్దం చుట్టూ సూర్యకిరణాల్లా సన్నటి గీతలు ఉంటాయి, పక్కలు అద్దంలా నున్నగా ఉంటాయి. ఆ రెండూ కలిసేచోట అంచు వేలికి తగలాలి. పాలిష్ పట్టే బఫ్ చక్రం పెట్టిన కేసు సబ్బుబిళ్ల అరిగినట్టు గుండ్రంగా అయిపోతుంది, కిరణాల గీతలు మాయమవుతాయి. గీతలు పడ్డ కేసును కొనేవాళ్లుంటారు, అరగదీసిన కేసు అంటే ధర సగం మాటలోనే తెగుతుంది. నల్ల రింగు వెలిసి బూడిద రంగుకు తిరిగినా మార్చకండి. ఆ వెలిసిన రింగు కోసమే వెతికేవాళ్లు ఉన్నారు.

చావి గుండీని మెల్లగా ఎడమకు తిప్పి మర విప్పండి. 6309కు చావి ఇవ్వడం ఉండదు, చేతి కదలికతోనే తిరుగుతుంది. ‘చావి పట్టడం లేదు’ అని బలంగా తిప్పి పాడుచేసేవాళ్లు ఎందరో. వాచీని పడుకోబెట్టి ఇరవై ముప్పై సార్లు గుండ్రంగా ఊపితే సెకన్ల ముల్లు కదలాలి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీని చావితో మార్చొద్దు, తేదీ పళ్లు అప్పుడు కలిసి ఉంటాయి, విరుగుతాయి. గుండీ మళ్లీ బిగించేటప్పుడు లోపలికి నొక్కి, ముందు ఎడమకే కొద్దిగా తిప్పండి. మర సందులో పడినట్టు వేలికి చిన్నగా తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. అడ్డంగా ఎక్కిస్తే మర తెగుతుంది. ఈ వాచీలో మర ఉన్న గొట్టం కేసులో భాగం, విడిగా మార్చడం తేలిక కాదు.

వెనక మూత తీయడం ఇంట్లో చేసే పని కాదు. మూడు పళ్ల ఓపెనరు, వాచీని పట్టే వైసు రెండూ ఉన్న పనివాడి దగ్గరే తీయించండి. సుత్తి, శానం పట్టుకుంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. మూత తీశాక మిషను మెరుపు అందరూ చూస్తారు. మీరు చూడాల్సింది రబ్బరు రింగు కూర్చునే గాడిని. అక్కడి నల్లటి జిగట తుడిచి భూతద్దంతో చూస్తే స్టీలు మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉన్నాయా లేదా తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండేది దాని మీద గాలితో ఏర్పడే పొరవల్ల. రబ్బరు కింద చెమట ఉప్పు చేరి, గాలి అందకపోతే ఆ పొర నిలవదు, లోహం గుంటలు పడుతుంది. ఎండలో, చెమటలో ఏళ్ల తరబడి కట్టిన గల్ఫ్ వాచీల్లో ఇది మామూలు. గాడిలో గుంటలుంటే కొత్త రబ్బరు వేసినా నీరు ఆగదు. మిషను మీద, చేతి కదలికకు ఊగే బరువు మీద నారింజ రంగు తుప్పు ఉంటే నీరు ఎప్పుడో పోయిందని గుర్తు.

ఇక శుభ్రం చేయడం. మూత, గుండీ బిగించి ఉండగానే పైపైన చేయాలి, వాచీని నీళ్లలో ముంచొద్దు. ముందు బెల్టు తీయండి. బెల్టు తగిలించే కొమ్ముల లోపల సెల్లోటేపు అంటిస్తే పనిముట్టు జారినా గీత పడదు. ఈ వాచీ స్ప్రింగు పిన్నులు 2.5 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. మామూలు సన్న పిన్నులు వేస్తే రంధ్రంలో వదులుగా ఆడి, ఏదో ఒక రోజు వాచీ కింద పడుతుంది. 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలపండి. బోరు నీళ్లు వద్దు. మన జిల్లాల్లో బోరు నీళ్లు ఆరాక గిన్నెల మీద తెల్లటి పొర ఎలా కడుతుందో, అదే పొర రింగు సందులో గట్టిపడి రింగు బిగుసుకుపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం దుకాణాల్లో అమ్మే డిస్టిల్డ్ నీళ్లు చాలు. చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్ తడిపి, విదిలించి, కొమ్ముల సందుల్లో, మూత అంచుల్లో తిప్పండి. గట్టిపడిన మురికిని వెదురు పుల్లతో తీయాలి, సూదితో కాదు. సబ్బు లేని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, అరగంట ఫ్యాను కింద పెట్టండి.

చింతపండు, నిమ్మకాయ, బూడిద, గిన్నెలు తోమే పొడి ఇత్తడి బిందెలకు మంచివి. వాచీ రింగు అల్యూమినియం. దాని నల్ల రంగును పులుపు తినేస్తుంది. సీకో అద్దం గట్టి గాజు, దానిమీద గీత టూత్‌పేస్టుతో పోదు, ఇంకా మసకబారుతుంది. ప్లాస్టిక్ అద్దం అయితేనే పాలిష్ పేస్టుతో గీతలు పోతాయి. రింగు బిగుసుకుపోతే చాకు పెట్టి ఎత్తొద్దు. 6309లో దానికింద టక్‌టక్ అనిపించే చిన్న స్టీలు గుండు ఉంటుంది, ఎగిరిపోతే దొరకదు.

అద్దం మార్చాల్సి వస్తే రబ్బరు రింగు వేసి ప్రెస్సుతో కూర్చోబెట్టమని గట్టిగా అడగండి. చిటికెలో అతుక్కునే జిగురు వాడితే దాని ఆవిరి లోపల చేరి, అద్దం లోపలివైపూ నల్ల డయలు మీదా తెల్లటి పొగమంచులా కూర్చుంటుంది. వారం తర్వాత ‘నీరు పోయింది’ అని తెచ్చే వాచీల్లో కొన్ని ఇలాంటివే.

మిషను సర్వీసింగు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మొత్తం విప్పకుండా పెట్రోలులో ముంచి తీసి, నూనె చుక్క వేసి మూసేయడం సర్వీసింగు కాదు. ఇరుసులు తిరిగే చిన్న రాళ్లలో గట్టిపడిన పాత నూనె అక్కడే ఉంటుంది, కరిగిన మురికి ఇరుసుల చుట్టూ చేరుతుంది. వారం బాగా నడిచి ఆగుతుంది. సరైన పని అంటే ప్రతి చక్రం విప్పాలి, స్ప్రింగు డబ్బా తెరవాలి, రంధ్రాలు పుల్లతో తుడవాలి, కడిగి ఆరబెట్టాలి. చక్రాన్ని ఒక్కో పన్నే కదలనిచ్చే పాలెట్ రాళ్లు లక్కతో అతికి ఉంటాయి, స్పిరిటులో నానబెడితే ఊడతాయి. నూనె కూడా ఒకటే పనికిరాదు. వేగంగా తిరిగే చక్రాలకు మోబియస్ కంపెనీ 9010 లాంటి పలచటి నూనె, పాలెట్ రాళ్లకు 9415 లాంటి గ్రీజు, నెమ్మదిగా తిరిగే ఇరుసులకు చిక్కటి నూనె. ఆటోమేటిక్ వాచీల్లో స్ప్రింగు డబ్బా గోడకు వేసేది వేరే గ్రీజు, 8217 లాంటిది. స్ప్రింగు నిండాక దాని బయటి కొస గోడ మీద జారాలి, కానీ తేలిగ్గా జారకూడదు. అక్కడ మామూలు నూనె వేస్తే సగం నిండకుండానే జారిపోయి, రాత్రి తీసిపెట్టిన వాచీ తెల్లారేసరికి ఆగుతుంది. ‘చేతికుంటేనే నడుస్తుంది’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం.

పని అయ్యాక వాచీ నడక కొలిచే టైమింగ్ మిషను మీద పెట్టి చూపించమనండి. 6309 గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఆరు. నిండా తిరిగాక డయలు పైకి పెట్టినప్పుడు అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఊపు 230 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే మంచిది, 200 కంటే తక్కువైతే పని పూర్తి కాలేదు. డయలు పైకి, డయలు కిందికి, గుండీ కిందికి మూడు తీర్లుగా పెట్టి ఫోటో తీసుకోండి. రోజుకు పది పదిహేను సెకన్ల తేడా ఈ వయసు వాచీకి దోషం కాదు. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల్లో ముందుకు పరుగెత్తితే అయస్కాంతం పట్టి ఉంటుంది. ఒక దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది, నిమిషంలో పోయే జబ్బు అది.

డయలు మీద 150 మీటర్లు అని రాసి ఉంది కదా అని చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దు. ఆ మాట రబ్బరు కొత్తగా ఉన్నప్పటిది. 1982లో వచ్చిన అంతర్జాతీయ డైవర్ వాచీ ప్రమాణం ఐఎస్ఓ 6425లో ఒక పరీక్ష ఉంది: వాచీని 40–45 డిగ్రీలకు వేడిచేసి, అద్దం మీద చల్లటి నీటిచుక్క వేసి, నిమిషం తర్వాత తుడిచి చూస్తారు. అద్దం లోపల ఆవిరి కడితే ఆ వాచీ పనికిరాదు. మే నెల నల్లగొండ ఎండలో తిరిగి ఏసీ గదిలో అడుగుపెట్టినప్పుడు అద్దం లోపల మబ్బు కమ్మితే అదే పరీక్షలో మీ వాచీ ఓడిపోయినట్టు. నీరు పోతే బియ్యం డబ్బాలో పెట్టొద్దు, పొడి దుమ్ము తప్ప లాభం లేదు. ఎండలో అసలు పెట్టొద్దు, ఆవిరి డయలు మీదే చేరుతుంది. అదే రోజు మూత తీయించి ఆరబెట్టించాలి. తెల్లారితే తుప్పు మొదలవుతుంది.

అమ్మాలనుకుంటే సర్వీసింగు ముందా, అమ్మకం ముందా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అన్నీ అసలువే అయి, ఆగిపోయిన వాచీని ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడమే మేలు. తెలిసిన కొనుగోలుదారు చెడగొట్టిన సర్వీసింగుకంటే చేయి పడని మిషనునే కోరుకుంటాడు. నడుస్తూ, డయలు బాగున్న 6309కు మాత్రం మంచి పనివాడు దొరికితే సర్వీసింగు చేయించి, రసీదుతో అమ్మొచ్చు.

ధర తెలుసుకోవడానికి ‘ఇంతకు అమ్ముతాం’ అని పెట్టిన ధరలు చూడొద్దు, అమ్ముడుపోయిన ధరలు చూడండి, అదీ అదే నంబరు, అదే తీరులో ఉన్నవాటివి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా డయలు, వెనక మూత నంబర్లు, మిషను, కొమ్ముల మధ్య, గుండీ విప్పిన మర ఫోటోలు తీయండి. సెకన్ల ముల్లు తిరిగే వీడియో ఒక నిమిషం. ఏది మార్చారో, ఎప్పుడు విప్పారో, నీటి పరీక్ష జరగలేదని, అన్నీ రాయండి. దాచిపెట్టిన లోపం వాచీతోపాటు తిరిగొస్తుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. ‘మీకు డబ్బు పంపుతున్నాం, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే మీ ఖాతాలోంచే పోతుంది. పంపేటప్పుడు గుండీ బిగించి, వాచీ ఊగకుండా మెత్తటి గుడ్డలో చుట్టి, గట్టి డబ్బాలో పెట్టి, ప్యాక్ చేసేదంతా వీడియో తీసి, బీమాతో పంపండి.

తోటి పనివాళ్లకు ఒక విన్నపం. ఈ వాచీలోంచి తీసిన ప్రతి వస్తువునూ, పగిలిన అద్దమైనా, వెలిసిన రింగైనా, తుప్పు పట్టిన ముల్లైనా, చిన్న కవరులో వేసి యజమాని చేతికి తిరిగి ఇవ్వండి. యజమానులు కూడా వాచీ ఇచ్చేటప్పుడే ‘పాత సామాను నాకు కావాలి’ అని రసీదు మీద రాయించుకోవాలి. ఆ కవరు వాచీతోపాటు ఉంటే కొనేవాడు దానికీ ధర కడతాడు.

ఇట్లు,
ఒక వాచీ మెకానిక్,
నల్లగొండ